అచ్చులమ్మ గోడ

స్పాంజి ముక్కను రంగులో ముంచి, పాత పేపరు మీద బాగా ఒత్తి, దాదాపు ఆరిపోయిందనిపించాకే గోడకు అద్దాలి. ఆత్రపడి తడితడిగా అద్దితే రంగు, బొమ్మ ఆకారంలో కోసిన అచ్చు కిందికి పాకి అంచు చెదిరిపోతుంది. ఆమె స్పాంజిని ఒత్తింది. ఎడమచేత్తో అచ్చును గోడకు అదిమి పట్టి టకటకా అద్దింది. రుద్దలేదు. రుద్దితే పని చెడుతుందని ఆమె చేతికే తెలుసు, బుర్రదాకా వెళ్లక్కర్లేదు. అచ్చు ఎత్తేసరికి గోడ మీద ఇటికరంగు పుట్టగొడుగు ఒకటి నిలబడి ఉంది.

ముందుగదిలో మంచానికి ఎదురుగా ఉండే గోడ అది. వానపడిన ప్రతిసారీ పైమూల నుంచి చెమ్మ దిగి, దుప్పటి మీద టీ ఒలికినట్టు పెద్ద మరక కట్టేది. వారంరోజులుగా ఆమె గోడౌన్ నుంచి రాగానే దాని మీద పడింది. పెచ్చులు గీకింది. లప్పం పట్టించింది. గరుకు కాగితంతో నున్నగా రుద్దింది. లేత పసుపు ఒక పూత వేసి, అది ఆరాక ఇంకో పూత వేసింది. ఇవాళ సెలవు పెట్టింది. సాయంత్రానికి పిల్ల వస్తుంది. ఆలోగా గోడ పూర్తవ్వాలి, రంగు వాసన పోవాలి. ఇంకే ఆలోచనా పెట్టుకోలేదు.

పొట్టి మనిషి. ముంజేతులు మోపులెత్తేవాళ్ల చేతుల్లా గట్టిగా ఉంటాయి. కుడి బొటనవేలి గోరులో నల్లరంగు ఎప్పుడో దిగి అక్కడే కాపురం పెట్టింది. మొగుడి పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచింది. జుట్టుముడి మీద గుడ్డపీలిక చుట్టింది. స్టూలు ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆ ఆగడం ఈమధ్య వచ్చింది. ఎవరికీ కనపడనిచ్చేది కాదు. ఆగినప్పుడల్లా స్పాంజి పిండుతున్నట్టు నటించేది.

ఆమె మొగుడు లోపలిగది గుమ్మంలో కుర్చీ వేసుకుని మోకాలు చాపుకుని చూస్తున్నాడు. ఆయన లారీల తూకం దగ్గర గుమాస్తాగా పనిచేసి దిగిపోయాడు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. దేని బరువెంతో చెప్పగలడు, మొయ్యడం మాత్రం ఆయన పని కాదు.

"తడిగోడకి గొడుగులేంటే?" అన్నాడు.

"గొడుగులు కాదు. పుట్టగొడుగులు."

"ఏదైనా తడికే కదా వచ్చేది."

ఆ మాట బాగుందని ఆమెకు అనిపించింది. అన్నది ఆయన కాబట్టి నవ్వలేదు.

పిల్ల అంటే ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు చిన్నవయసులోనే పోతే ఈ ఇంట్లోనే పెరిగింది. పెళ్లయి కాపురానికి వెళ్లి ఏళ్లు గడిచినా ఇక్కడ దాని పేరు పిల్లే. ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది. నిలిచింది కాబట్టి, కడుపు జారకుండా కుట్టు వేసి, కదలొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాన్పు అయ్యేదాకా మంచం దిగకూడదు, పడుకున్నా ఎడమవైపు తిరిగే పడుకోవాలి. పిల్ల కాపురముండేది పైఅంతస్తులో. నీళ్లు కూడా కిందినుంచి మోసుకోవాలి. అందుకని పెద్దమ్మ ఇంటికి తీసుకొస్తున్నారు. ముందుగదిలో మంచం వేస్తే ఎడమవైపు తిరిగినవాళ్ల కళ్లకు నేరుగా కనపడేది ఈ గోడే. నెలల తరబడి ఆ పిల్ల ఈ మరకను చూస్తూ పడుకోవాలన్నమాట. అది ఆమెకు నచ్చలేదు. నచ్చనిదాన్ని చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు.

మొదట తెల్లసున్నం కొట్టించి ఊరుకోమన్నాడు మొగుడు. పిల్ల ఆసుపత్రిలో చూసొచ్చిన తెల్లగోడలు చాలు, అంది ఆమె.

రంగులేవీ కొత్తగా తేలేదు. గోడకు లేత పసుపు కలపగా మిగిలిన తెల్లరంగును పాత పళ్లేల్లో పోసి, చిన్న ట్యూబుల్లోని చిక్కటి రంగు బొట్టుబొట్టుగా కలిపితే ఇటికరంగూ, పాచిరంగూ, బూడిదనీలమూ తయారయ్యాయి. చిరిగిన పరుపులోంచి ముక్కలు కోసి స్పాంజిలు చేసుకుంది. దారానికి నీలంపొడి రాసి, ఒక కొస మేకుకు కట్టి, రెండో కొస మొగుడి చేతికిచ్చి, మధ్యలో లాగి వదిలింది. గోడ మీద సన్నటి గీత పడింది. ఆ గీత మీద పుట్టగొడుగుల కాడలు నిలబెట్టింది. అన్నీ ఒక్క ఎత్తున పెట్టలేదు. ఒకటి పొడుగు, పక్కది పొట్టి, దాని చాటున ఇంకోటి తొంగిచూస్తున్నట్టు సగమే. సగం వెయ్యాలంటే మిగతా సగానికి పేపరు అడ్డం పెట్టి అద్దితే చాలు.

గోడౌన్‌లో ఆమెను అచ్చులమ్మ అంటారు. కొత్తగా చేరిన హమాలీలు ఎక్కడో పిల్లలకు చదువు చెప్పి ఇటొచ్చిన పంతులమ్మ అనుకునేవాళ్లు. "నాకు అచ్చులే వచ్చు, హల్లులు గుమాస్తాని అడగండి" అనేది. నిజానికి ఆమె పని చెక్కపెట్టెల మీద గుర్తులు వెయ్యడం. సరుకు పేరు, బరువు, ఏ వైపు పైకి ఉండాలో చెప్పే బాణం, తడపొద్దని గొడుగు, మెల్లగా దించమని గాజుగ్లాసు. రేకు మీదో దళసరి అట్ట మీదో బొమ్మను కోసి, ఆ కంతలోంచి రంగు అద్దడం. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఆమె వేసిన గొడుగుల కింద ఒక ఊరు తలదాచుకోవచ్చు.

బడి వదిలాక పిల్ల నేరుగా గోడౌన్‌కి వచ్చి ఖాళీపెట్టె మీద కూర్చునేది. గొడుగు గుర్తు చూసి పుట్టగొడుగు అనేది. కాదే, గొడుగు అని అందరూ దిద్దారు. "అయితే పట్టుకునే కొక్కెం ఏది?" అని అడిగింది. చూస్తే నిజమే, అచ్చు అరిగిపోయి కాడ చివరి వంపు పడటం లేదు. హమాలీలు ఆ రోజంతా నవ్వారు. ఆ తర్వాత ఆ అచ్చుతో వేసిన పెట్టెలన్నీ వాళ్లకు పుట్టగొడుగు పెట్టెలే అయ్యాయి.

ఎదురింటావిడ తలుపు తీసి ఉండటం చూసి లోపలికి వచ్చింది. మంచిదే, కానీ సలహా ఇవ్వకుండా గుమ్మం దాటిన మనిషి కాదు. గోడంతా తేరిపారా చూసి, ఇవేం బొమ్మలు వదినా, నవ్వుతున్న పసిపాప బొమ్మ ఒకటి పెద్దది తెచ్చి అంటించాల్సింది, చూస్తూ ఉంటే మనసు కుదుటపడుతుంది, అంది.

"రోజంతా అది నవ్వుతుంటే, దీనికి ఏడుపొస్తే ఎక్కడికి తిరగాలి? ఎడమవైపు తప్ప తిరగకూడదాయె."

ఏమైనా గాజుగ్లాసులా చూసుకోవాలి వదినా ఆ పిల్లని, అంది ఎదురింటావిడ.

"గోడౌన్‌లో గాజుగ్లాసు గుర్తున్న పెట్టెలే ఎక్కువ పగులుతాయి," అంది ఆమె స్పాంజి ఒత్తుతూ. "దాన్ని చూడగానే మోసేవాడి చేతులు వణుకుతాయి. మామూలు పెట్టెల్ని మామూలుగా దించుతారు."

ఎదురింటావిడ నవ్వాలో వద్దో తెలియక నవ్వి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి చిన్నవన్నీ అయిపోయాయి. నడుమ చోటు వదిలింది. అక్కడ పెద్దది ఒకటి రావాలి, టోపీ నిండా చుక్కలున్నది. చిన్నవాటికి చుక్కలు లేవు కాబట్టి కోయడం తేలిక. చుక్కలదే కష్టం. బీరువా మీదినుంచి నల్లటి ప్లాస్టిక్ షీటు ఒకటి తీసింది. చిన్న అచ్చులు కూడా దాని పక్కనుంచి కోసినవే. కింద కూర్చుని, చెక్కపలక మీద పరిచి, తెల్లపెన్సిలుతో గీసి, సన్నకత్తితో కోయడం మొదలుపెట్టింది.

మొగుడు కుర్చీలోంచి ముందుకు వంగాడు. షీటు కిటికీ వెలుతురుకి ఎదురైనప్పుడు అందులో పక్కటెముకలు కనపడ్డాయి. వాటి మధ్య ఒకవైపుకి ఒరిగి తెల్లటి ముద్దలాంటిది కనిపించింది.

అది ఆమె ఛాతీ ఎక్సురే. మొన్న ఊపిరి ఆడటం లేదని ఆసుపత్రికి వెళితే తీశారు. గుండె సైజు పెరిగిందన్నారు. బరువులెత్తొద్దని, మెట్లెక్కొద్దని చెప్పి, వచ్చే వారం ఈ ఫిల్ము పట్టుకుని మళ్లీ రమ్మన్నారు. ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. విని, ఇంటికొచ్చాక మరచిపోయాడు.

"అది డాక్టరుకి చూపించాలి కదే."

"చూశారుగా. నేనూ చూశాను. ఇంతకంటే మంచి షీటు దొరకదు. తడవదు, వంగదు, అంచు చిరగదు."

"నీకు చెప్పడం కంటే గోడకి చెప్పుకోవడం నయం."

"చెప్పండి. ఎదురుగానే ఉంది."

ఆయన వెనక్కి వాలాడు. ఆమె కోస్తూనే ఉంది. కత్తి ఎముకల మీదుగా గుండ్రంగా తిరిగి, పుట్టగొడుగు టోపీ అంచు చుట్టి వచ్చింది.

చుక్కల దగ్గర నెమ్మదించింది. అచ్చు కోసేవాళ్లకు గుండ్రం అంటే భయం. సున్నా కోయాలని చుట్టూ కత్తి తిప్పితే మధ్యముక్క ఊడి కిందపడుతుంది. సున్నా పోయి బొక్క మిగులుతుంది. మధ్యముక్క నిలవాలంటే రెండుపక్కలా సన్నపట్టీ కోయకుండా వదలాలి. ఆ పట్టీని కట్టు అంటారు. అది పట్టి ఉంచే మధ్యముక్కను కడుపు అంటారు. మన అక్షరాల్లో కడుపు లేనిది ఎక్కడో గానీ దొరకదు. కట్టు మరిచినా, కట్టు తెగినా అచ్చు పనికిరాదు. అప్పుడు గోడౌన్‌లో ఒకటే మాట వినిపిస్తుంది. కడుపు పోయింది. మంచినీళ్లు తాగినంత మామూలుగా అనేస్తారు, ఇంకో రేకు తీసుకుంటారు.

పిల్ల ఉన్నన్నాళ్లూ ఆ మాట నోటికి రాకూడదని ఆమె వారంరోజులుగా నాలుకకు చెప్పుకుంటూనే ఉంది. ఇంట్లో అచ్చులు కోసేది పిల్ల వచ్చేలోపే అయిపోవాలనుకోవడానికి అదీ ఒక కారణం.

అప్పుడే ఫోన్ మోగింది. మొగుడికి వినికిడి తక్కువ. ఎవరు ఫోన్ చేసినా గదంతా వినపడేలా పెట్టుకుంటాడు. పిల్లే. వ్యాను కుదిరిందని, ఇంకాసేపట్లో బయలుదేరతామని, దిండు మరొకటి తెచ్చుకోమంటారా అని అడుగుతోంది. ఈయన దిండ్ల గురించి చెబుతున్నాడు.

ఆమె చెవి అటు వేసి చెయ్యి ఇటు కదిపింది. కత్తి జారింది. కట్టు తెగి చుక్క చటుక్కున ఊడి నేల మీద పడింది.

"కడుపు పోయింది," అంది ఆమె.

గోడౌన్ గొంతుతోనే అంది. హమాలీల అరుపుల మీదుగా వినిపించే గొంతు.

దిండ్ల గురించి చెబుతున్న ఆయన ఆగిపోయాడు. ఫోన్‌లో అవతల ఒక ఊపిరి వినపడింది. ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా మెల్లగానే వచ్చింది.

ఆయన ఫోన్ వైపు, పెళ్లాం వైపు చూశాడు. "ఆ నోటికి కాసేపు తాళం వేసుకోలేకపోయావా?"

ఆమె నేల మీద పడిన చుక్కను తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. చిన్నపిల్లల చొక్కాగుండీ అంత ఉంది. కిటికీలోంచి బయట పారేసింది.

ఫోన్ చేసి చెప్పమన్నాడు ఆయన. అచ్చు సంగతి అని చెబితే పోతుంది కదా అన్నాడు. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది. చెప్పాలంటే ఆ మాట మళ్లీ అనాలి. అనకుండా చెప్పే దారి ఆమెకు తోచలేదు.

"ఇంక రాదేమో," అన్నాడు ఆయన.

"వచ్చినా రాకపోయినా గోడ పూర్తవ్వాలి."

షీటును తిప్పి, మిగిలిన భాగం మీద మళ్లీ గీయడం మొదలుపెట్టింది. పెన్సిలు మొన చెక్కుకుని, చుక్కలు ఈసారి దూరదూరంగా గీసింది.

ఆమెకూ పోయింది. ఒకసారి కాదు. చివరిసారి నెలలు చాలావరకు వచ్చాక పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే గోడౌన్‌కి వెళ్లింది. అక్కడ అప్పుడున్న గుమాస్తా మంచివాడు. ఆమె ముందు ఆ మాట ఎవరూ అనొద్దని అందరికీ చెప్పి పెట్టాడు. దాంతో గోడౌన్ అంతా గొంతు తగ్గించింది. ఎవడి అచ్చు చెడినా వాడు ఆమె వైపు చూసి, నోటిదాకా వచ్చింది మింగేవాడు. ఆమె నడిచివెళితే మాటలు ఆగేవి. ఆమె ముందునుంచి బరువు పెట్టెలు కూడా అడక్కుండానే తీసేసేవాళ్లు. కొన్నాళ్లు ఓర్చుకుంది. ఒక మధ్యాహ్నం తన చేతిలోని అచ్చే చెడింది. దాన్ని బల్ల మీద చప్పుడయ్యేలా పడేసి, చివరి వరసలో వాడికి కూడా వినపడేలా, "కడుపు పోయింది, ఇంకో రేకు ఇయ్యండి" అంది. ఎవరూ కదల్లేదు. గుమాస్తానే లేచి రేకు తెచ్చి ఇచ్చాడు. ఆమె కోయడం మొదలుపెట్టింది. ఆ రోజునుంచి ఎవరూ గొంతు తగ్గించలేదు.

ఈ సంగతి మొగుడికి తెలియదు. ఆ రోజుల్లో ఆయన రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవాడు. ఎలా ఉందని అడిగినవాడు కాదు. అడగకపోవడమే ఓదార్పు అనుకున్నాడు. అది ఆయన సౌకర్యం, ఆమెది కాదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఆయన ఎత్తి తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు.

"పెద్దమ్మా."

"ఊఁ."

"ఏ అచ్చు?"

"పుట్టగొడుగు. చుక్కలది."

"కట్టు సన్నగా వదిలి ఉంటావు."

"లేదే. కత్తి జారింది."

"నాకిక్కడ కుట్టు వేశారు పెద్దమ్మా. అక్కడ నువ్వు కట్టు గట్టిగా పెట్టు. బయలుదేరుతున్నాం."

ఆమె తల ఊపింది, ఫోన్‌లో కనపడుతుందన్నట్టు. ఆయన ఫోన్ తీసుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని మోకాలు నిమురుకున్నాడు.

ఆమె కట్లు దళసరిగా వదిలింది. అందం కాస్త తగ్గుతుంది, తగ్గనీ అనుకుంది. ఒక్కో చుక్క చుట్టూ కత్తి తిప్పి, కట్టు దగ్గర ఆగి, ఎత్తి, అవతల దించి, మళ్లీ తిప్పింది. అంతా కోశాక అచ్చును వెలుతురుకి పట్టుకుని దులిపింది. ఒక్కటీ ఊడలేదు.

పెద్దపుట్టగొడుగు వెయ్యడానికి స్టూలు ఎక్కాల్సి వచ్చింది. మొగుడు లేచి వచ్చి స్టూలు కాళ్లు పట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, తనే వచ్చాడు. ఆమె కిందికి చూసి, స్టూలు బరువెంతుందో చెప్పకండి, అంది. ఆయన చెప్పలేదు. ఇటికరంగు టోపీ, దాంట్లో గోడ పసుపే చుక్కలుగా మిగిలిపోయి, పాచిరంగు కాడ. అచ్చు ఎత్తినప్పుడు అంచు గోరుతో గీసినట్టు శుభ్రంగా ఉంది. కాడ ఒకవైపుకి కొంచెం ఒరిగింది. దిద్దుదామని చెయ్యి పెట్టి, వద్దులే అని తీసేసింది.

ఇంక మిగిలింది కింద పట్టీ. గోడ అడుగున జానెడు వెడల్పున బూడిదనీలం పట్టీ వేస్తే పుట్టగొడుగులకు కాళ్లకింద నేల ఉన్నట్టుంటుంది. పైఅంచు తిన్నగా రావడానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా కాగితం టేపు అంటించింది. బొటనవేలితో అదుముతూ నేల మీద పాకుతూ వెళ్లింది. చివరకు వచ్చాక, పీకడానికి వేలికి అందాలని, టేపు కొసను లోపలికి చిన్నగా మడిచింది. నీలం పూసింది. ఒకే పూత చాలింది.

"రంగు సగం ఆరాక టేపు పీకెయ్యాలి," అంది. "పూర్తిగా ఆరిందా, రంగు కూడా దాంతోపాటే పెచ్చులుగా వచ్చేస్తుంది. నేను మరిచిపోతే గుర్తు చెయ్యండి."

ఆయన సరేనన్నాడు.

ఆమె నేల మీద మంచానికి వీపు ఆనించి కూర్చుంది. కాళ్లు చాపింది. తలను మంచం పట్టె మీద ఎడమపక్కకు వాల్చి, పిల్ల కళ్లు ఉండబోయే ఎత్తునుంచి గోడను చూసింది. కిటికీలోంచి గాలి వస్తోంది. వాసన పోతోంది.

"కాడ ఒరిగింది కానీ బాగానే ఉంది," అంది. తర్వాత, "టీ పెట్టండి. చక్కెర ఎక్కడుందని అడక్కండి," అంది.

ఆయన లోపలికి వెళ్లాడు. పొయ్యి వెలిగించాడు. చక్కెర ఎక్కడుందో తెలియదు. అడగకూడదని పట్టుబట్టాడు. ఇన్నేళ్ల కాపురంలో వంటింటి డబ్బాలు ఆయనకు పొరుగూరి వీధుల్లాంటివి. ఒక్కోటి మూత తీసి చూసి మళ్లీ పెట్టాడు. ఉప్పు రెండుసార్లు దొరికింది. టీ మరిగి సగానికి వచ్చింది. చివరికి పైఅరలో, వెనకాల, బిస్కెట్ల డబ్బాలో కనిపించింది. రెండు కప్పుల్లో పోసుకుని, ఒలకకుండా, మోకాలు చూసుకుంటూ నడిచి వచ్చాడు.

"దొరికింది," అన్నాడు గుమ్మంలోనే.

ఆమె గోడవైపే చూస్తోంది. ఆయన కప్పు ఆమె పక్కన నేల మీద పెట్టాడు. అడగలేదు చూశావా అన్నాడు. వేడిగా ఉంది జాగ్రత్త అన్నాడు. అప్పుడు వంగి చూశాడు.

వ్యాను వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఈలోగా ఎదురింటావిడ వచ్చింది, ఆవిడ పిలిస్తే డాక్టరు వచ్చి చూసి, అంతా అయిపోయిందని చెప్పి వెళ్లాడు. నలుగురు పట్టుకుని ఆమెను లోపలిగదిలో పడుకోబెట్టారు. ఎదురింటావిడ వీధిలోకి వెళ్లి పిల్ల మొగుణ్ణి వ్యాను దగ్గరే ఆపింది. సంగతి చెప్పి, పిల్లను దించొద్దంది. ఇప్పుడీ ఇంట్లోకి తీసుకొస్తే తట్టుకోలేదు, ఇటునుంచిటే వెనక్కి తీసుకెళ్లమంది. ఆవిడ మంచికే చెప్పింది. ఆ కుర్రాడు ఎటూ తేల్చుకోలేక తలుపు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

ఇంట్లోంచి ముసలాయన మెట్టు దిగి వచ్చాడు. వ్యాను తలుపు తనే తీశాడు. పిల్ల వెనకసీటులో ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన మొహం చూసింది. ఏమైందని అడగలేదు.

"ఇక్కడే ఉంటుంది," అన్నాడు ఆయన, ఎదురింటావిడతో. "గోడ దీనికోసం వేసింది."

ఆయన ఆ ఇంట్లో ఒక నిర్ణయం తీసుకుని పైకి చెప్పడం ఎదురింటావిడ ఎప్పుడూ చూడలేదు. పక్కకు తప్పుకుంది.

పిల్లను మెల్లగా దించారు. మరీ మెల్లగా దించుతుంటే, "మామూలుగా పట్టుకోండి" అంది. లోపలిగది గుమ్మం దగ్గర ఆపమంది. లోపలికి చూసింది. ఎంతసేపు నిలబడనిచ్చారో అంతసేపూ నిలబడింది. తర్వాత వచ్చి మంచమెక్కి ఎడమవైపు తిరిగింది. గట్టిగా ఏడవకమ్మా, కుట్టు అదురుతుంది, అన్నారెవరో. పిల్ల గట్టిగా ఏడవలేదు. నీళ్లు మాత్రం ముక్కు మీదుగా దిండులోకి జారుతూనే ఉన్నాయి. ఒక చెయ్యి పొట్ట కింద పెట్టుకుని పుట్టగొడుగుల్ని వరసగా ఒక్కొక్కటే చూసింది. పెద్దదాని దగ్గర ఆగింది. ప్రతి చుక్కకూ రెండుపక్కలా కట్టు గుర్తు వేలంత దళసరిగా పడి ఉంది.

"ఒక్కటీ పోలేదు," అంది.

మర్నాడు అన్నీ అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ముసలాయనకు టేపు గుర్తొచ్చింది. గుర్తు చెయ్యమన్న పని అది ఒక్కటే. నేల మీద కూర్చుని, నీలంపట్టీ చివరిదాకా జరిగి, కొస పట్టుకుని లాగాడు. రంగు పూర్తిగా ఆరిపోయింది. గోరంత పెచ్చు టేపుతోపాటు లేచి వచ్చింది. ఆయన ఆగాడు. లేచినదాన్ని బొటనవేలితో మళ్లీ గోడకు అదిమి, ఆ వేలు తియ్యకుండా అలాగే కూర్చున్నాడు.

"వదిలెయ్యి పెదనాన్నా," అంది పిల్ల మంచం మీదనుంచి. "పడుకుంటే నాకు అది కనపడదులే."

ఆయన వేలు తీశాడు. టేపు గోడ మీదే ఉండిపోయింది. దాని చివర, వేలికి అందాలని ఆమె మడిచిన మడత ఒక్కటే గోడనుంచి కాస్త ఎత్తుగా లేచి ఉంది.